కౌన్సెలింగ్ అంటే క్లాసు పీకడం కాదు

బడిలో సైకాలజిస్టు ఏం చేస్తారు, ఏం చేయరు, వారి దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి అని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి జవాబులు ఇస్తున్నాం. పేర్లు, బడుల వివరాలు తీసేశాం, ఊళ్లు మాత్రం ఉంచాం.

*మా వాడు ఆరో తరగతి. క్లాసులో ఎవరితోనూ మాట్లాడడట. బడి సైకాలజిస్టుకు చూపిస్తాం, సంతకం పెట్టండి అని డైరీలో కాగితం పెట్టి పంపారు. మా అత్తగారేమో "పిల్లాడికి పిచ్చి అని రాయించుకుంటారా?" అంటున్నారు. ఏం చేయమంటారు?*
— ఒక తల్లి, కరీంనగర్

సంతకం పెట్టండి. పెట్టేముందు మాత్రం మూడు సంగతులు కనుక్కోండి. పిల్లాడితో ఎన్నిసార్లు, ఎంతెంతసేపు మాట్లాడతారు? ఉట్టి మాటలేనా, ఏవైనా పరీక్షలు కూడా పెడతారా? రాసుకున్న కాగితాలు ఎవరి బీరువాలో ఉంటాయి? ఈ మూడింటికీ తిన్నగా జవాబు చెప్పగలిగినవారైతే నిశ్చింతగా పంపవచ్చు.

మీ అత్తగారి భయానికి సగం కారణం ఆ మాటలోనే ఉంది. మన పేపర్లలో సీఐగారు రౌడీషీటర్లకు కౌన్సెలింగ్ ఇస్తారు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) రాసినవారికి కౌన్సెలింగ్ అంటే సీటు. కొన్ని కాలేజీల్లో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ ఫోన్లు చేసేవారిని కూడా కౌన్సెలర్లనే పిలుస్తారు. దాంతో "పిల్లాడికి కాస్త కౌన్సెలింగ్ ఇవ్వండి సార్" అంటే కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెట్టమనే అర్థం స్థిరపడిపోయింది. బడి సైకాలజిస్టు చేసేది అది కాదు. ఎక్కువ భాగం వినడం, చూడడం, ఆ తర్వాత పిల్లాడి చుట్టూ ఉన్న పెద్దవాళ్లతో పని చేయించడం.

మీ వాడి సంగతే చూడండి. మాట్లాడకపోవడానికి చెవి సరిగా వినబడకపోవడం కారణం కావచ్చు. నత్తి కావచ్చు. కొత్తగా ఇంగ్లీషు మీడియంలోకి వచ్చి మాట దొరక్కపోవచ్చు. ఎవరో ఏడిపిస్తూ ఉండవచ్చు. ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడి గేటు దాటగానే నోరు పెగలని పిల్లలు కొందరుంటారు, అది ఒక రకం ఆందోళన. ఆటిజం లక్షణం కూడా కావచ్చు, ఏమీ కాకుండా ఉట్టి నెమ్మదస్తుడూ కావచ్చు. ఇవన్నీ బయటకు ఒకేలా కనిపిస్తాయి కాబట్టే ఊహించి చెప్పడం కుదరదు. సైకాలజిస్టు క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని ఒక పీరియడ్ చూస్తారు, ఇంటర్వెల్‌లో చూస్తారు, క్లాసు టీచరుతో, మీతో మాట్లాడతారు. మీరు వెళ్లేటప్పుడు వాడు ఇంట్లో మామూలుగా కబుర్లు చెబుతున్న రెండు నిమిషాల వీడియో ఫోన్లో తీసుకుని వెళ్లండి. వంద మాటలకన్నా అది ఎక్కువ చెబుతుంది.

మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. జబ్బు నిర్ధారణ, పరీక్షలు చేసే క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలిలో నమోదు ఉండాలి. బడిలో ఉండేవారు సాధారణంగా సైకాలజీ చదివిన కౌన్సెలర్లు. టీసీలో, మార్కుల మెమోలో ఇలాంటి విషయాలు రాసే గడి ఏదీ లేదని అత్తగారికి చెప్పండి.

*మా పాప నాలుగో తరగతి. నోటితో అడిగితే అన్నీ చెబుతుంది, పుస్తకం తెరిస్తే ఏడుపే. ఒత్తులు రావు, చదివిన వరుసే మళ్లీ చదువుతుంది. ట్యూషన్ మార్చాం, నోటుబుక్కులు నింపించాం. బద్ధకమా, ఇంకేమైనా ఉందా?*
— ఒక తండ్రి, నంద్యాల

నోటితో చెప్పేదానికీ కాగితం మీద పెట్టేదానికీ ఇంత తేడా ఉన్నప్పుడు బద్ధకం అనే మాట చివరికి దాచుకోండి. ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

తెలుగు లిపిలో గుణింతాలు, ఒత్తులు అన్నీ పట్టుబడడానికి మామూలు పిల్లలకే మూడు నాలుగు తరగతులు పడుతుంది. అందుకని రెండో తరగతి పిల్ల "పుస్తకం"లో తావత్తు మరిచిపోతే కంగారు పడక్కర్లేదు. నాలుగో తరగతిలో కూడా "అమ్మ"ను "అమ" అని, "కాకి"ని "కకి" అని రాస్తుంటే, ప–వ, డ–ఢ, ద–ధ మధ్య తడబడుతుంటే, బోర్డు మీదది ఎక్కించుకోవడానికి పక్కవాళ్లకన్నా రెట్టింపు సమయం పడుతుంటే పరీక్ష చేయించాలి. ఇంకో సంగతి: తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి చదవడంలో వైకల్యం ఉన్న పిల్లలు తప్పులు చదవడం కన్నా నత్తనడక నడవడమే ఎక్కువ. టీచర్లు తప్పులే లెక్కపెడతారు, వేగం చూడరు. అందుకే చాలామంది ఐదారు తరగతుల దాకా ఎవరికంటా పడరు.

పాప ఇంగ్లీషు మీడియమైతే రెండు భాషల్లోనూ చూడాలి. తెలుగు బాగానే చదువుతూ ఇంగ్లీషులోనే ఆగిపోతుంటే అది చాలావరకు ఆ భాషతో పరిచయం తక్కువ కావడం. రెండింట్లోనూ ఒకే రకం ఇబ్బంది ఉంటే అప్పుడు అనుమానం బలపడుతుంది.

మొదట కళ్ల డాక్టరు, తర్వాత చెవి పరీక్ష. తరచూ జలుబు చేసి చెవిలో నీరు చేరే పిల్లలకు వినికిడి కొద్దిగా తగ్గుతుంది, ఇంట్లో ఎవరూ గుర్తించరు, ఒత్తులు మాత్రం వినబడవు. ఈ రెండూ బాగున్నాయని తేలాకే సైకాలజిస్టు. కొందరు ఈ మెట్టు దాటేసి నేరుగా పరీక్షలకు వెళ్లి డబ్బు పోగొట్టుకుంటారు.

సైకాలజిస్టు ముందు తెలివితేటల పరీక్ష పెడతారు. మన దగ్గర ఎక్కువగా వాడేది మాలిన్ పరీక్ష. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఐక్యూ 85 దాటితేనే తర్వాతి మెట్టుకు వెళ్లాలని ఉండేది. తెలివి మామూలుగానే ఉండి చదువు ఒక్కటే వెనకబడిందని నిర్ధారించుకోవడానికి ఇది. ఆ తర్వాత చదవడం, రాయడం, లెక్కలు విడివిడిగా చూసే, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ తయారుచేసిన పరీక్షలు. అన్నీ ఒక్కరోజే చేసి పంపేవారి దగ్గర జాగ్రత్తగా ఉండండి. అలసిపోయిన పిల్ల తక్కువ మార్కులే తెచ్చుకుంటుంది. రెండు మూడు సిట్టింగులు, అవీ ఉదయం పూట, తిన్న తర్వాత. జ్వరం తగ్గిన మర్నాడు వద్దు. "పరీక్ష ఉంది, బాగా చేయాలి" అని ముందురోజు తర్ఫీదు ఇవ్వడం అసలే వద్దు.

రిపోర్టులో ఏ పరీక్షలు పెట్టారు, ఎంత వచ్చింది, పాప ఏది బాగా చేసింది, క్లాసులో ఏం మార్చాలి అనేవి ఉండాలి. "ఐక్యూ 96" అని ఒక్క పేజీ ఇచ్చి చేతులు దులుపుకుంటే ఆ కాగితం బడికి గానీ బోర్డుకు గానీ పనికిరాదు. ఇలా తెలివి మామూలుగానే ఉండి చదవడం, రాయడం, లెక్కలు మాత్రం పట్టుబడకపోవడాన్ని నిర్దిష్ట అభ్యసన వైకల్యం అంటారు, ఇది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఒకటి. ధ్రువపత్రం ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రి నుంచే రావాలి, ప్రైవేటు రిపోర్టు దానికి ప్రత్యామ్నాయం కాదు. ఆ 2018 నిబంధనల్లో 8 ఏళ్లు నిండాక ఇవ్వడం, 14, 18 ఏళ్లప్పుడు మళ్లీ చూడడం ఉండేది, 2024లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. ఈ పత్రంతో సీబీఎస్‌ఈ 3 గంటల పేపరుకు గంట అదనంగా ఇస్తుంది, రాసిపెట్టే మనిషిని కూడా అనుమతిస్తుంది. రాష్ట్ర బోర్డు బడి అయితే తొమ్మిదో తరగతిలోనే హెడ్‌మాస్టరుగారి చెవిన వేయండి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) వెళ్లిపోయాక పరుగులు పెట్టి లాభం ఉండదు.

ఈలోగా ఇంట్లో ఇంపోజిషన్లు ఆపేయండి. తప్పుగా రాసే పదాన్ని 50 సార్లు రాయిస్తే తప్పే గట్టిపడుతుంది. దానికి బదులు రోజుకు 20 నిమిషాలు చాలు. అరవై డెబ్భై పదాల చిన్న పేరా ఒకటి తీసుకోండి. ముందు మీరు వేలు పెట్టి చదవండి, తర్వాత ఇద్దరూ కలిసి, తర్వాత పాప ఒక్కతే. ఫోన్లో టైము చూసి రాయండి. అదే పేరా మూడు రోజులు. మొదటి రోజు రెండున్నర నిమిషాలు పట్టింది మూడో రోజు నిమిషంన్నరకు వస్తే ఆ అంకె పాపకు చూపించండి. బడిలో అడగాల్సినవి: ముందు బెంచీ, బోర్డు మీది హోంవర్కు ఫోటో, చెప్పకుండా లేపి అందరి ముందూ చదివించకపోవడం, సైన్సు సోషల్ పేపర్లలో అక్షర దోషాలకు మార్కులు కోయకపోవడం. ఈ నాలుగూ టీచరుతో రాతపూర్వకంగా ఒప్పించడం బడి సైకాలజిస్టు పని. అది మీ తరఫున వారిని అడగండి.

*మనవరాలు ఏడో తరగతి. దసరా సెలవుల తర్వాత నుంచి రోజూ పొద్దున్నే కడుపునొప్పి. పది దాటాక తగ్గిపోతుంది. నాటకమని వాళ్ల నాన్న, పోనీ పాపం అని నేను.*
— ఒక అమ్మమ్మ, రాజమండ్రి

మీ ఇద్దరి మాటా కాదండీ. నొప్పి నిజమే, భయంతో వచ్చే నొప్పి కూడా నొప్పే. ముందు పిల్లల డాక్టరుకు ఒక్కసారి చూపించండి. ఏమీ లేదన్నాక ఇంకో ముగ్గురు డాక్టర్ల దగ్గరకు తిప్పొద్దు. తిప్పినకొద్దీ తనకు ఏదో పెద్ద జబ్బే ఉందని పిల్ల నమ్ముతుంది.

"బడికి ఎందుకు వెళ్లవు?" అని అడిగితే జవాబు రాదు. సైకాలజిస్టులు అలా అడగరు, రోజును ముక్కలు చేసి అడుగుతారు. బస్సులో ఎవరి పక్కన కూర్చుంటావు? ప్రేయర్‌లో ఎక్కడ నిలబడతావు? అన్నం ఎవరితో తింటావు? ఏ పీరియడ్ అయిపోతే హాయిగా ఉంటుంది? బడి మొత్తానికి కాగితం మీద బొమ్మ వేయించి, నచ్చని చోట ఎర్ర రంగు పూయమంటారు. ఎరుపు తరచూ రెండు చోట్ల పడుతుంది: బస్సు వెనక సీట్లు, బాత్రూములు. ఏడో తరగతి ఆడపిల్ల కాబట్టి నీళ్ల సీసా నిండుగానే ఇంటికి తిరిగి వస్తోందా చూడండి. గడియ లేని బాత్రూముకు వెళ్లలేక పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా కూర్చునే పిల్లలున్నారు. నెలసరి మొదలైన కొత్తల్లో మరీనూ. కారణం అదైతే కౌన్సెలింగ్ కాదు, గడియ వేయించాలి.

ఇంట్లో ఉండనిచ్చిన ప్రతిరోజూ భయం ఒక మెట్టు ఎక్కుతుంది, ఎందుకంటే పది గంటలకు వచ్చే ఆ హాయి "వెళ్లకపోవడమే మందు" అని శరీరానికి నేర్పుతోంది. అలాగని ఈడ్చుకెళ్లి గేటులో తోస్తే ఇంకా బిగుసుకుపోతుంది. మెట్లు కట్టి తీసుకెళ్లాలి. మొదటి రెండు రోజులు యూనిఫాం వేసుకుని గేటు దాకా, పది నిమిషాలు నిలబడి వెనక్కి. తర్వాత రెండు రోజులు లైబ్రరీలో ఒక పీరియడ్. తర్వాత నచ్చిన టీచరు క్లాసులు రెండు. ఆపైన మధ్యాహ్నం దాకా, చివరికి రోజంతా. మొత్తం రెండు మూడు వారాలు. మొదలుపెట్టేది సోమవారం వద్దు, ఆదివారం రాత్రంతా నిద్ర ఉండదు. ముందు అనుకున్న వేళకే ఇంటికి తీసుకురండి, ఏడ్చినప్పుడు కాదు. ఒక మెట్టు తప్పితే దాని కింది మెట్టుకు దిగండి, మొదటికి రావద్దు.

ఎక్కువగా చెడేది ఇంట్లోనే. వెళ్లని రోజుల్లో టీవీ, ఫోను, అమ్మమ్మ చేతి గారెలు ఉంటే మెట్లు పనిచేయవు. బడి వేళల్లో ఇల్లు కూడా బడిలాగే చప్పగా ఉండాలి. కష్టంగానే ఉంటుంది మీకు.

*ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు టీచర్ని. ఎనిమిదో తరగతిలో ఒకడు రోజూ గొడవ. మాకు సైకాలజిస్టు లేరు, వచ్చే ఆశా లేదు. నేనేం చేయగలను?*
— ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా

సైకాలజిస్టు వచ్చినా మొదట చేయించేది మీచేతే చేయిస్తారు. అది ఒక చిన్న నోటుబుక్కు. గొడవ జరిగిన ప్రతిసారీ నాలుగు ముక్కలు రాయండి: ఎప్పుడు, అంతకు ముందు ఏం జరుగుతోంది, వాడు ఏం చేశాడు, ఆ తర్వాత ఏం జరిగింది. "పొగరుగా ఉన్నాడు" అని రాయొద్దు, కంటికి కనిపించిందే రాయాలి. ఇలా:

బుధవారం 11.20. వరుసగా చదివిస్తున్నాను. వాడి వంతుకు ఇంకా ఇద్దరున్నారు. పక్కవాడి పుస్తకం లాగి కింద పడేశాడు. బయట నిలబెట్టాను.

శుక్రవారం 11.30. మళ్లీ వరుస చదువు. ముందు బెంచీవాడిని కొట్టాడు. బయట నిలబెట్టాను.

పది రోజులు రాస్తే అల్లరి వెనక గడియారం కనిపిస్తుంది. ఈ పిల్లాడికి చదవడం రాదు, అది అందరి ముందూ బయటపడటం కన్నా రౌడీ అనిపించుకోవడం నయం. బయట నిలబెట్టిన ప్రతిసారీ గండం గట్టెక్కుతోంది, అంటే మీ శిక్షే వాడికి కావలసింది. వరుసలో చదివించడం ఆపి, ముందురోజే "రేపు ఈ మూడు వాక్యాలు నీవి" అని చెప్పి చూడండి. రెండు వారాల్లో రోజుకోసారి జరిగేది వారానికోసారికి దిగితే దారి దొరికినట్టే. కొట్టడం, అవమానించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం, ఆ సంగతి మీకు తెలుసు. పనిచేయకపోవడం దాని రెండో దోషం.

నోటుబుక్కు తీసుకుని మండలంలోని భవిత కేంద్రానికి వెళ్లండి, అక్కడ ప్రత్యేక అవసరాల పిల్లలతో పనిచేసే టీచర్లు ఉంటారు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఏడాదికోసారి బడికి వస్తుంది. ఆ రోజు గుంపులో వదిలేయకుండా వాడి పేరు చెప్పి విడిగా చూపించండి, జిల్లాలోని సత్వర చికిత్స కేంద్రానికి (డీఈఐసీ) రిఫర్ చేస్తారు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు టీచర్లు కూడా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం పడవు.

*ఇంటర్ ఫస్టియర్ చదివే మా అమ్మాయి చేతి మీద గీతలు చూశాం. వాళ్లమ్మ అప్పటి నుంచి అన్నం తినడం లేదు. కాలేజీకి చెప్పాలా? చెబితే పోలీసు కేసు అవుతుందా?*
— ఒక తండ్రి, గుంటూరు

ముందు ఈ రాత్రి సంగతి. అమ్మాయిని ఒంటరిగా పడుకోనివ్వకండి, పక్క గదిలో కాదు, అదే గదిలో ఎవరైనా ఉండండి. పొలం మందులు, ఇంట్లో ఉన్న మాత్రలు అన్నీ తాళం వేసిన చోటికి మార్చండి. గాయం లోతుగా ఉంటే ఆసుపత్రికి.

తర్వాత అడగండి, డొంకతిరుగుడు లేకుండా. "బతకాలని లేదు అనిపిస్తోందా తల్లీ?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని తల్లిదండ్రులు భయపడతారు, అలా జరగదు. ఎవరో ఒకరు ఆ మాట పైకి అన్నారని పిల్లలకు ఊపిరి ఆడుతుంది. అలా గాట్లు పెట్టుకునేవాళ్లందరికీ చావాలని ఉండదు. భరించలేనంత బాధను కాసేపు ఆపుకోవడానికి చేసేవాళ్లు ఎక్కువ. ఏది ఏమిటో తేల్చాల్సింది పరీక్షించిన నిపుణులే కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే సైకియాట్రిస్టుకో క్లినికల్ సైకాలజిస్టుకో చూపించండి. అవును అని జవాబు వస్తే రేపటిదాకా ఆగొద్దు, అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారి తోచకపోతే ఏ వేళలోనైనా 14416కు ఫోన్ చేయండి.

చేయకూడనివి: తల మీద చేయి వేయించుకుని ఒట్టు పెట్టించుకోవడం, "మా పరువు" అనడం, ఫోను లాక్కోవడం, రోజూ చేతులు చూపించమనడం. ఒట్టు వేసిన పిల్ల మళ్లీ అనిపించినప్పుడు మీకు చెప్పలేకపోతుంది, ఒట్టు తప్పినట్టవుతుంది కదా.

పోలీసు కేసు భయం వదిలేయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసినవారు కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు. కాలేజీలో అందరికీ చెప్పక్కర్లేదు. సైకాలజిస్టుకు, హాస్టలైతే వార్డెనుకు, క్లాసు చూసే లెక్చరరు ఒకరికి, అంతే. సైకాలజిస్టు అమ్మాయితో కూర్చుని ఒక కాగితం రాయిస్తారు: ఎలా అనిపిస్తే ప్రమాదం దగ్గరికి వచ్చినట్టు, అప్పుడు తనంతట తాను చేయగలిగినవి ఏమిటి, ఎవరి దగ్గరకు వెళ్లాలి, ఎవరికి ఫోన్ చేయాలి. దాని నకలు మీరూ తీసుకోండి. స్లిప్ టెస్టులు, స్టడీ అవర్లు కొన్ని వారాలు తగ్గించమని కూడా వారిచేతే అడిగించండి. మీరు అడిగితే బతిమాలినట్టు ఉంటుంది, వారు రాసిస్తే సిఫార్సు అవుతుంది.

*640 మంది పిల్లలున్న బడి నడుపుతున్నాను. సైకాలజిస్టును పెట్టుకోక తప్పదంటున్నారు. ఏ పని చెప్పాలో తెలియడం లేదు.*
— ఒక కరస్పాండెంట్, వరంగల్

తప్పదన్నది నిజమే. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో ఉండాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టవద్దని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. ర్యాంకర్ల సెక్షన్ ఒకటి విడిగా నడుపుతూ పక్క గదిలో సైకాలజిస్టును కూర్చోబెడితే, నీళ్లు కారుతున్న కుళాయి కట్టకుండా నేల తుడిపించినట్టే.

ఏ పనులు చెప్పకూడదో ముందు రాసుకోండి. లీవులో ఉన్న టీచరు క్లాసులు, ఫీజు బకాయిల ఫోన్లు, అడ్మిషన్ల ప్రచారం, క్రమశిక్షణ. సెల్‌ఫోన్ పట్టుబడ్డ పిల్లాడిని విచారించమని ఒక్కసారి పంపితే చాలు, ఆ ఏడాదికి ఇక ఎవరూ తమంతట తాము ఆ గది తలుపు తట్టరు.

గది ప్రిన్సిపల్ గది పక్కన వద్దు, స్టాఫ్ రూం ఎదురుగా అసలే వద్దు. లైబ్రరీ వైపు బాగుంటుంది, అటు వెళ్లేవాడిని ఎవరూ ప్రశ్నించరు. తలుపుకు అద్దం ఉండాలి, లోపల ఎవరున్నారో కనిపించాలి, మాట మాత్రం బయటకు వినబడకూడదు. ఇది పిల్లల రక్షణకూ, సైకాలజిస్టు రక్షణకూ కూడా. తాళం ఉన్న బీరువా ఒకటి, దాని తాళంచెవి వారి దగ్గరే. అందులోని కాగితాలు చూపించమని మీరు అడగకూడదు. ఎంతమంది వచ్చారు, ఏ తరగతుల నుంచి, ఏ రకం ఇబ్బందులు అనే నెలవారీ లెక్క మాత్రం అడగండి.

అమెరికాలో బడి సైకాలజిస్టుల జాతీయ సంఘం 500 మంది పిల్లలకు ఒకరు చాలునంటుంది. ఆ లెక్కన మీకు ఒకరు పూర్తికాలం ఉన్నా కాస్త బిగువే. మొదటి నెల ఫలితాలు అడగొద్దు. ఆ నెలంతా క్లాసులు చూడడానికి, టీచర్లతో పరిచయానికి సరిపోతుంది.

*న్యూజెర్సీలో ఉంటున్నాం, హెచ్–1బీ మీద. కిండర్‌గార్టెన్ చదివే బాబును స్కూల్ సైకాలజిస్టు పరీక్షిస్తామంటున్నారు. రికార్డులో స్పెషల్ ఎడ్యుకేషన్ అని పడితే వీసాకు ఇబ్బందా? ఇంట్లో తెలుగు మానేయాలా?*
— ఒక తండ్రి

రెండింటికీ కాదు. అక్కడి వికలాంగ విద్యార్థుల చట్టం 1975లో మొదలైంది, దాని కింద వచ్చే సేవలకు వలస హోదాతో సంబంధం లేదు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. తెలుగు మానేస్తే ఊళ్లో నాయనమ్మతో మాట పోవడం తప్ప ఇంగ్లీషు ముందుకు వచ్చేది ఏమీ లేదు.

మీ రాతపూర్వక అనుమతి లేకుండా మొదటి పరీక్షలు చేయకూడదు. అనుమతి ఇచ్చాక మామూలు గడువు 60 రోజులు, కొన్ని రాష్ట్రాలకు సొంత గడువులున్నాయి. బాబుకు వచ్చిన భాషలో పరీక్షించమని అడిగే హక్కు మీకుంది, కాబట్టి ఇంట్లో తెలుగే ఎక్కువ అని ఫారంలో దాచకుండా రాయండి. "ఇంగ్లీషే మాట్లాడతాం" అని గొప్పకు రాసి, తర్వాత మార్కులు తక్కువ వచ్చాయని బాధపడే మనవాళ్లు ఉన్నారు. మీటింగుకు దుబాసీని ఉచితంగా ఇస్తారు. రిపోర్టు ముందే పంపమని మెయిల్ పెట్టండి, అక్కడ టేబుల్ దగ్గర మొదటిసారి చదివి సంతకం పెట్టొద్దు. ఫలితం ఒప్పుకోకపోతే బడి ఖర్చుతో బయటి నిపుణుడిచేత పరీక్ష చేయించమని అడగవచ్చు. ఒప్పుకుంటే వచ్చే వ్యక్తిగత విద్యా ప్రణాళికను ఏడాదికోసారి సమీక్షిస్తారు, మూడేళ్లకోసారి మళ్లీ పరీక్షిస్తారు. అవసరం తీరితే బయటకు వచ్చేస్తాడు, జీవితాంతం అంటుకునే ముద్ర కాదు.

*ఎంఏ సైకాలజీ చేశాను. బడుల్లో పని చేయాలని ఉంది.*
— ఒక పాఠకురాలు, తిరుపతి

డిగ్రీతో పాటు పిల్లల దగ్గర పర్యవేక్షణలో చేసిన పని ఎన్ని గంటలు అన్నదే ఎక్కువ చూస్తారు. ఎన్‌సీఈఆర్‌టీ ఏడాది డిప్లొమా గైడెన్స్, కౌన్సెలింగ్‌లో ఉంది, బడి ఉద్యోగానికి బాగా సరిపోతుంది. వైకల్యాల వైపు ఆసక్తి ఉంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల కోసం ఉన్న జాతీయ సంస్థ (ఎన్‌ఐఈపీఐడీ) కోర్సులు చూడండి. పునరావాస మండలి నమోదు లేకుండా బోర్డు మీద క్లినికల్ సైకాలజిస్ట్ అని మాత్రం రాసుకోవద్దు.

*ఇంటర్ హాస్టల్లో ఉంటున్నాను. కౌన్సెలర్‌కు చెప్పింది ప్రిన్సిపల్‌కు, మా ఇంటికి చేరిపోతుందా?*
— 16 ఏళ్ల విద్యార్థి, విజయవాడ

కొన్ని చేరతాయి, చాలా చేరవు. ఏవి చేరతాయో ముందే తెలుసుకో. నీ ప్రాణానికి ప్రమాదం ఉంటే, నువ్వు ఇంకొకరికి హాని చేసేలా ఉంటే ఇంట్లో చెప్పాల్సిందే. 18 ఏళ్లలోపు వారిపై లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, దాచితే కౌన్సెలర్‌కే శిక్ష పడుతుంది. అప్పుడు కూడా ఎవరికి, ఏం, ఎలా చెప్పబోతున్నారో మంచి కౌన్సెలర్ ముందు నీకే చెబుతారు.

స్నేహితుడితో గొడవ, ప్రేమ, బైపీసీ వద్దనిపించడం, రాత్రి నిద్ర పట్టకపోవడం, ఇంట్లో నాన్న తాగడం, ఇవి బయటకు వెళ్లాల్సిన అవసరం లేదు. కూర్చోగానే మొదటి ప్రశ్న నువ్వే అడుగు: "నేను చెప్పేదాంట్లో మీరు ఎవరికి ఏం చెబుతారు?" జవాబు తడబడితే ఆ రోజుకు మార్కుల గురించి మాట్లాడి వచ్చేయి, తర్వాత 14416కు ఫోన్ చేయి. జవాబు నచ్చితే ఉండు. మాట మొదలవ్వకపోతే కాగితం మీద రాసి తీసుకెళ్లి చేతికివ్వవచ్చు, వాళ్లు ఏమీ అనుకోరు.